ఈక బరువు

ఇది చాలా చిన్న కథ. కామేశం మాస్టారు ఒక ల్యాప్‌టాప్‌ని ఒళ్ళో పెట్టుకున్నారు, కొన్నాళ్ళకి దించారు. అంతే. పాతరేవులో పడవెక్కి వెదుళ్ళలంకలో దిగేలోపు చెప్పేయొచ్చు. కాకపోతే ఆ పడవ సంగతి చెప్పకపోతే మాస్టారి భుజం సంగతి అర్థం కాదు. భుజం సంగతి తెలియకపోతే ల్యాప్‌టాప్ గొడవ ఎందుకొచ్చిందో అంతు చిక్కదు.

వెదుళ్ళలంక గోదావరి మధ్యలో ఉంది. వంతెన వేస్తామని ప్రతి ఎన్నికకీ ఎవరో ఒకరు వచ్చి కొబ్బరికాయ కొట్టి వెళ్తారు. ఆ చిప్పలన్నీ పేర్చుకుంటూ వస్తే ఈపాటికి వంతెన అవతలి గట్టు చేరిపోయేది. డ్రైవరు లేకుండా నడిచే బస్సులు జిల్లా అంతా తిరుగుతున్న రోజుల్లో కూడా లంక బడి పంతుళ్ళు పాతరేవు నుంచి పడవలోనే వెళ్ళేవాళ్ళు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే పడవ మధ్యలోనే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఇసకలో నడక.

వట్టి చేతులతో నడిస్తే బాధ లేదు. ఆ రోజుల్లో పంతులు పాఠం చెప్పాడో లేదో ఎవరూ అడిగేవాళ్ళు కాదు, ఫొటో పెట్టాడో లేదో అడిగేవాళ్ళు. పిల్లల హాజరు ఫొటో, మధ్యాహ్నం సాంబారు ఫొటో, గుడ్డు ఫొటో, మరుగుదొడ్డి ఫొటో. ఇవన్నీ తీశారని రుజువుగా మాస్టారి ఫొటో. అందుకోసం ప్రభుత్వం ప్రతి టీచరుకీ ఒక ల్యాప్‌టాప్ ఇచ్చింది. దాని అసలు పేరు ఏదో ఉంది గానీ జిల్లా మొత్తం దాన్ని ‘పెట్టె’ అనేవాళ్ళు. గట్టిది. ఏ తీగ తెచ్చినా దూర్చుకోడానికి దానికో కన్నం ఉండేది. ఒకసారి ఛార్జింగ్ పెడితే కరెంటు మర్చిపోవచ్చు. బరువు మాత్రం మర్చిపోవడానికి వీల్లేదు.

లంక బడిలో తెలుగు చెప్పే కామేశం మాస్టారు పెట్టెని ఏళ్ళ తరబడి కుడి భుజానే మోశారు. దాంతో ఆ భుజం కుంగిపోయింది. ఎదురుగా వస్తుంటే ఎవరి చెవిలోనో రహస్యం చెప్పడానికి వంగుతున్నట్టు ఉండేవారు. నిజానికి పాతరేవులో మాస్టారికి తెలిసి మిగతావాళ్ళకి తెలియని రహస్యం ఒక్కటీ లేదు. పొద్దున చెయ్యెత్తి దువ్వుకోవడం కూడా కష్టమైంది. భార్య హైమావతి దువ్వేది. ఆవిడ దువ్విన పాపిడి ఎడమ పక్కకి పోయేది. అదీ మాస్టారికి ఇంకో బాధ.

అలాంటి సమయంలో ‘ఈక’ వచ్చింది.

ఈక అనే ల్యాప్‌టాప్ అంతకుముందు కూడా ఉంది. పేరుకే ఈక, మోస్తే కోడి మొత్తం మోసినట్టుండేది. దాన్నే మార్చి, కొత్త మోడల్ చేసి, విశాఖలో ఒక ల్యాబ్ వాళ్ళు మండలానికొకటి చొప్పున పరీక్షకి పంపారు. టీచర్ల యూనియన్ కార్యదర్శి కాబట్టి పాతరేవుది కామేశం మాస్టారి చేతికొచ్చింది. పెళ్ళి అప్పడమంత మందం. అప్పడమంతే బరువు. మాస్టారు దాన్ని సంచిలో వేసి భుజానికి తగిలించుకుని, సంచిలో ఉందో లేదోనని రేవుకి వెళ్ళేలోపు రెండుసార్లు విప్పి చూసుకున్నారు.

వేసవి శిక్షణ తరగతుల్లో స్టాఫ్‌రూమ్ బల్ల మీద దాన్ని పెట్టగానే రెండు పార్టీలు తయారయ్యాయి. పాత పెట్టె పార్టీకి నాయకుడు లెక్కల మాస్టారు జోగినాథం. ఆయనా కామేశమూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. అప్పటినుంచీ ఒకరు అవునంటే రెండోవారు కాదంటారు.

“బానే ఉందిరా. పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టాలి?” అన్నారు జోగినాథం.

“పెట్టక్కర్లేదు. గాల్లోంచి పంపడమే.”

“లంకలో గాలి ఒకటే వస్తుంది, సిగ్నల్ రాదు. సర్లే, ఛార్జర్ ఏదీ?”

“లేదు. బ్యాటరీ కూడా లేదు. మనిషి ఒంటి వేడితో నడుస్తుంది. ఒళ్ళో పెట్టుకుంటే చాలు.”

“బల్ల మీద పెడితే?”

“ఆగిపోతుంది.”

“మరి నేను బోర్డు మీద లెక్క చేసేటప్పుడు దీన్ని ఎవరి ఒళ్ళో పెట్టాలిరా? హెడ్మాస్టారి ఒళ్ళోనా?”

హెడ్మాస్టారు పేపరు కొంచెం పైకెత్తుకున్నారు.

సోషల్ చెప్పే నాగరత్నం టీచరు దాన్ని ఒళ్ళో పెట్టుకుని మూత తెరిచి చూసి, “ఇందులో పాఠం కంటే నా మొహమే బాగా కనబడుతోందండీ” అంది.

“అది లోపమో సుగుణమో మొహాన్ని బట్టి ఉంటుందమ్మా” అన్నారు జోగినాథం. ఆ తర్వాత ఆవిడ ఈక పార్టీలో చేరింది.

మీటలు నొక్కితే నొక్కినట్టే ఉండదన్నారు. ఫ్యాన్ తీసేశారు కాబట్టి పని ఎక్కువైతే నీరసపడుతుందన్నారు. తెర మీద చోటు వృథా కాకూడదని ఛార్జింగ్ గుర్తుని కూడా అక్కణ్ణుంచి తీసేసి, మూత వెనకాల ఒక ఈక బొమ్మలా పెట్టారు. వాడే మనిషి ఒంట్లో సత్తువుంటే బొమ్మ పచ్చగా వెలుగుతుంది, తగ్గితే పసుపు, అడుగంటితే ఎరుపు. అంటే వాడేవాడికి కనబడదు, ఎదురుగా కూర్చున్నవాడికి కనబడుతుంది. ఈ సంగతి దానితో వచ్చిన కాగితంలో రాసే ఉంది. ఆ కాగితం జోగినాథం మాస్టారి టీ గ్లాసు కింద ఉంది. బొమ్మని అందరూ అలంకారం అనుకున్నారు.

అన్నీ విని కామేశం మాస్టారు ఒకే మాట అన్నారు. “కన్నాలు లేకపోతే బతకొచ్చురా. భుజం లేకపోతే ఎలా?”

జోగినాథం తన పెట్టెని దగ్గరికి లాక్కున్నారు.

ఇంతలో జిల్లా ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ఈక వద్దట, ఈ ఏడూ పెట్టెలే కొంటారట. అది కూడా పెద్ద బ్యాటరీతో. యూనియన్ సభ పెట్టింది. మైకు కామేశం మాస్టారి చేతికొచ్చింది. మైకు చేతికొస్తే మాస్టారి నోరు ముందు బస్సులో పోతుంది, బుర్ర వెనక పడవలో వస్తుంది.

“టీచర్లకి ఈక ఇవ్వకపోతే నేను ఆమరణ నిరాహార దీక్షకి కూర్చుంటాను!” అన్నారు.

చప్పట్లు మారుమోగాయి. చప్పట్లు ఆగి, కుర్చీలో కూర్చున్నాక, అన్నది తనేనని మాస్టారికి తెలిసొచ్చింది. పక్కవాణ్ణి, “నేను ఆమరణ అన్నానా, రిలే అన్నానా?” అని మెల్లగా అడిగారు.

“ఆమరణేనండి. రెండుసార్లు అన్నారు.”

ఇంట్లో హైమావతి ఆ మాట విని చేతిలో అట్లకాడ అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

“మీరా? నిరాహారమా? ఏకాదశి ఉపవాసమని చెప్పి మధ్యాహ్నం కాకుండానే ఉప్పుడుపిండి ఏదీ అని వంటింట్లోకి తొంగిచూసే మనిషి!”

“అదేం కాదే. దీక్షలకి ఒక పద్ధతుంటుంది” అన్నారు మాస్టారు.

ఉంది. పాతరేవులో అందరికీ తెలిసిన పద్ధతే, ఎవరూ పైకి అనరు. పెళ్ళిలో వియ్యంకుడి అలకలాంటిది. టిఫిన్ చేసి శిబిరంలో కూర్చుంటారు. షామియానా వెనక ఒక తెర కడతారు. బీపీ మాత్రలు వేసుకోవడానికని అప్పుడప్పుడు దాని వెనక్కి వెళ్ళొస్తారు. రెండో రోజో మూడో రోజో ఒక పెద్దమనిషి నిమ్మరసం గ్లాసుతో వస్తాడు. ఫొటో తీస్తారు. సగం కోరిక తీరుతుంది. ప్రభుత్వానికీ తెలుసు, యూనియన్‌కీ తెలుసు. ఇన్నేళ్ళుగా ఎవరి పొట్టా మాడకుండా జిల్లా ఇలాగే నడిచింది.

బడి రోజుల్లో కూర్చుంటే జీతం కోస్తారు కాబట్టి సెలవుల్లోనే కూర్చున్నారు. రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ. మండలాఫీసు ఎదురుగా షామియానా. మాస్టారి మెడలో దండ, ఒళ్ళో ఈక. అందులోంచే దీక్షని జిల్లా అంతటికీ లైవ్ పెట్టారు. ఇంత తేలికైనదని లోకానికి చూపించాలని మాస్టారి పట్టుదల. మూత జనం వైపుంది.

హైమావతి మందుల సంచిలో సున్నుండలు తెచ్చింది. మాస్టారు తెర వెనక్కి వెళ్ళి ఒక ‘మాత్ర’ వేసుకుని మూతి తుడుచుకుని వచ్చి కూర్చునేవారు. కాసేపటికి మూత మీద ఈక బొమ్మ పచ్చగా వెలిగేది. జనం ముచ్చటపడేవారు.

“చూశావా, పూట పూటకీ కళ పెరుగుతోంది. పుణ్యాత్ముడు.”

“ఎలా ఉన్నారు మాస్టారూ?”

“పోరాటమే నా ఆహారం” అన్నారు మాస్టారు. చిన్న తేన్పు వచ్చింది. దాన్ని నినాదంలో కలిపేశారు.

రెండో రోజు జిల్లా అధికారి ఒకాయన రాయబారానికి వచ్చారు. వస్తూ ఈకని తయారుచేసిన శాస్త్రవేత్త డాక్టర్ నీలవేణిని కూడా వెంటబెట్టుకొచ్చారు. ఇంకా తల నెరవని మనిషి. పత్తి చీర, కాలికి చెప్పులు, మొహంలో కల్లాకపటం లేదు. ఆ చివరిదే కొంప ముంచింది.

జోగినాథం లేచి మైకు ముందుకొచ్చారు. “అమ్మా, ఒక్క అనుమానం. బ్యాటరీ లేదంటున్నారు. మరి దీనికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది? శూన్యంలోంచి రాదు కదా?”

“మంచి ప్రశ్న అడిగారు” అంది నీలవేణి సంతోషంగా. “మనిషి ఊరికే కూర్చున్నా ఒంట్లోంచి వేడి బయటికి పోతూనే ఉంటుంది. దాన్ని కరెంటుగా మార్చే పొర ఒకటి ఈక అడుగున ఉంది. పాత మోడల్లో ఆ పొర, వచ్చిన వేడిని మాత్రమే తీసుకునేది. అది చాలక బ్యాటరీ కూడా పెట్టాల్సొచ్చింది. కొత్త పొర వేడిని లాగుతుంది. లాగితే ఒళ్ళు చల్లబడుతుంది. చల్లబడకుండా శరీరం తిన్నదాన్ని మరికాస్త మండిస్తుంది. కుంపటిని విసిరితే రాజుకున్నట్టు.”

“అంటే?”

“అంటే బ్యాటరీ బరువు ఎక్కడికీ పోలేదండి. సంచిలోంచి పొట్టలోకి మారింది. ఈక వాడేవాళ్ళు రెండిడ్లీలు ఎక్కువ తినాలి, అంతే. తిన్న కాసేపటికి మూత మీద బొమ్మ పచ్చగా వెలుగుతుంది. తినకపోతే పసుపు, ఎరుపు. ఉదాహరణకి మాస్టారిది చూడండి. నిండు పచ్చ. అంటే మాస్టారు ఇందాకే శుభ్రంగా...”

ఆగిపోయింది. అప్పుడు పైన కట్టిన బ్యానర్ చదివింది. ఆమరణ నిరాహార దీక్ష.

పాతరేవు పాతరేవంతా మూత వైపు చూసింది. మాస్టారికి మూత కనబడదు. కనబడుతున్నవి జనం కళ్ళు. ఆ కళ్ళన్నీ ఒక్కసారి తన ఒళ్ళోకి దిగడం చూసి, పంచె ఊడిందేమో అని తడుముకున్నారు. తర్వాత తెర మీదికి చూశారు. లైవ్ కింద జిల్లా నలుమూలల నుంచి మాటలు జారుతున్నాయి. పచ్చ, పచ్చ, పచ్చ.

“సున్నుండా, పూతరేకా మాస్టారూ?” అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు.

ఎవరూ నవ్వలేదు. అది ఇంకా ఘోరం.

హైమావతి ముందుకొచ్చింది. “నేనే పెట్టానండి. ఆయన వద్దన్నారు.”

“అబద్ధం” అన్నారు కామేశం మాస్టారు. “నేనే అడిగాను. ఇప్పటిదాకా జరిగింది దీక్ష కాదు. ఇప్పుడు మొదలవుతుంది.”

జిల్లా అధికారి చేతిలో ఉన్న నిమ్మరసం గ్లాసు వెనక్కి పెట్టుకున్నారు.

నీలవేణి మాస్టారి కుర్చీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. “మాస్టారూ, దీక్ష చేస్తే చెయ్యండి. దీన్ని మాత్రం మూసి పక్కన పెట్టండి. ఇది తిని కూర్చునేవాళ్ళ కోసం చేసింది. తినకుండా కూర్చునేవాళ్ళ కోసం కాదు.”

“మూసేస్తే నేను తింటున్నానో లేదో వీళ్ళకెలా తెలుస్తుందమ్మా?”

ఆవిడ చదువులో ఆ పాఠం లేదు.

షామియానా వెనక తెర విప్పించేశారు మాస్టారు. మందుల సంచి ఇంటికి పంపించేశారు. మంచినీళ్ళు మాత్రం తాగుతూ, ఈకని ఒళ్ళోంచి దించకుండా కూర్చున్నారు. బొమ్మ పచ్చనుంచి లేతపచ్చకి, అక్కణ్ణుంచి పసుపుకి తిరిగింది. మొదట్లో జనం తమాషా చూడటానికే వచ్చారు. పాతరేవు వాళ్ళు తమాషా అంటే పొయ్యి మీద పాలు పొంగుతున్నా వచ్చేస్తారు. రంగు మారేకొద్దీ చేతిలో మరమరాల పొట్లాలతో రావడం మానేశారు. ఆయన ఎదురుగా నిలబడి నమలడం వాళ్ళకే బాగోలేకపోయింది.

కాకులు సైతం నీడకి చేరిన ఆ రోహిణి ఎండలో కామేశం మాస్టారికి చలి పుట్టింది. శాలువా కప్పమన్నారు. ఇంకొకటి కప్పమన్నారు. జనం తుండుగుడ్డలతో విసురుకుంటూ, చెమటలు కక్కుతూ, పళ్ళు టకటకలాడిస్తున్న మనిషిని చూస్తూ నిలబడిపోయారు. నర్సు చెయ్యి పట్టుకుని చూసి, “కుండలో చెయ్యి పెట్టినట్టుంది” అని భయపడింది. నీలవేణి ఈకని లాక్కోబోయింది. దీక్ష భగ్నం చేస్తున్నారని యూనియన్ కుర్రాళ్ళు అడ్డం పడ్డారు. ఆ తర్వాత ఆవిడ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒకటే చెప్పింది. “మూయమని చెప్పండి. ఎవరి మాట వింటారో వాళ్ళచేత చెప్పించండి.”

జోగినాథం వచ్చి కుర్చీ పక్కన చతికిలబడ్డారు.

“ఒరేయ్ కామేశం, మూసెయ్యరా. నేను ఈక పార్టీలోకి వచ్చేస్తాను. రేపే సంతకం పెడతాను.”

“నువ్వు అవునంటే నాకు అనుమానంరా” అన్నారు మాస్టారు, పెదవులు కదిలీ కదలకుండా.

జోగినాథం మొహం పక్కకి తిప్పుకున్నారు. చెమట తుడుచుకున్నట్టు కళ్ళు తుడుచుకున్నారు.

హైమావతి ఎదురుగా చాప మీదే కూర్చుంది. ఆయనకి కనబడని రంగు ఆవిడకి కనబడుతోంది. అప్పుడప్పుడు మాస్టారు కళ్ళు తెరిచి అడిగేవారు.

“హైమా, ఏం రంగుందే?”

“పసుపండి.”

“పచ్చ కాదు కదా?”

“కాదండి. ఎవరూ అలా అనుకోవట్లేదు.”

ఆయన తృప్తిగా కళ్ళు మూసుకునేవారు. మళ్ళీ ఒక మధ్యాహ్నం అడిగారు. అప్పటికి బొమ్మ కుంకుమలా ఎర్రగా ఉంది.

“పసుపేనండి” అంది హైమావతి. పెళ్ళైనప్పటినుంచీ ఆయనతో ఆవిడ ఆడిన అబద్ధాల్లో ఆ ఒక్కదాన్నే ఆయన పట్టుకోలేకపోయారు.

మర్నాడు ఎండ నడినెత్తికొచ్చేసరికి ఎరుపు కూడా ఆరిపోయింది. జిల్లాలో అందరి ఫోన్లలోనూ లైవ్ నల్లబడిపోయింది. మాస్టారు నల్లటి తెర వైపు చూశారు. నాగరత్నం టీచరు అన్నట్టే, అందులో మొహం బాగా కనబడింది. ఎవరిదో పోల్చుకోలేకపోయారు.

“కరెంటు పోయిందా?” అన్నారు. పక్కకి ఒరిగిపోయారు.

హైమావతి కేక మండలాఫీసు లోపలికి వినబడింది. రెవెన్యూ గుమాస్తాలు సీట్లలోంచి లేచి పరిగెత్తుకొచ్చారు. అలాంటిది పాతరేవు ఎన్నడూ చూసి ఎరగదు. పెదాలు నీలంగా ఉన్నాయి. నాడి దొరకలేదని ఒకరన్నారు. దొరికిందని నర్సంది. నీలవేణి మాస్టారి ఒళ్ళోంచి ఈకని తీసి దూరంగా ఇసకలోకి విసిరింది. అది గాలికి కాసేపు తేలింది. అంత తేలిక.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతుండగా కలెక్టరు ఫోన్ చేశారు. ఈకల కొనుగోలుకి ప్రభుత్వం ఒప్పుకుందని చెప్పారు. ఆ వీడియో చూసి రాజధానిలో పెద్దలందరూ కదిలిపోయారట. జోగినాథం నిమ్మరసం గ్లాసు పట్టుకుని, కామేశం మాస్టారు తాగేదాకా వదల్లేదు. ఊళ్ళో బాణాసంచా కాల్చారు. ఒక దీక్షలో సగం కాకుండా మొత్తం కోరిక తీరడం యూనియన్ చరిత్రలో అదే మొదలు. దువ్వుకోడానికి చెయ్యెత్తలేని మనిషి జిల్లా మొత్తం భుజాలు నిలబెట్టాడని నాగరత్నం టీచరు సభలో మాట్లాడి ఏడ్చింది.

బడులు తెరిచాక ఈకల లారీ వచ్చింది. టీచర్లు దండలు పట్టుకుని హైస్కూలు గేటు దగ్గర నిలబడ్డారు. లారీ అక్కడ ఆగలేదు. పోలీస్ స్టేషన్ దగ్గర ఆగింది.

ఆర్డరు ఆ సాయంత్రమే వచ్చింది. ఇకమీదట ఎక్కడ నిరాహార దీక్ష జరిగినా, కూర్చునేవారు ప్రభుత్వం ఇచ్చిన ఈకని ఒళ్ళో పెట్టుకుని, మూత జనం వైపు ఉండేలా కూర్చోవాలి. పచ్చ వెలిగితే దీక్ష చెల్లదు.

టీచర్లకి పెట్టెలే ఇచ్చారు. పెద్ద బ్యాటరీవి. కామేశం మాస్టారు తనదాన్ని ఎడమ భుజాన మోస్తున్నారు. కొద్ది నెలల్లో రెండు భుజాలూ సమానమవుతాయని డాక్టరు చెప్పాడు.

దీనికి నిరసనగా ఆమరణ దీక్ష చెయ్యాలని యూనియన్ ఏకగ్రీవంగా తీర్మానించింది. కూర్చోదలచినవాళ్ళు పేర్లివ్వమని జిల్లాలోని అన్ని బడులకీ కబురు పెట్టింది. ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.